షరీష్‌లో సిర్కా సీసా

మా అమ్మాయికి స్పెయిన్‌లోని సెవిల్‌లో ఉద్యోగం. మన పాత కితాబుల్లో ఇష్బీలియా అని ఉండే శహర్ అదే. మొన్న నవంబరులో నేనూ, మా బేగం చూడడానికి వెళ్ళాం. రెండోరోజు ఫజర్ అయ్యాక చాయ్ పెట్టుకుందామని వంటింట్లోకి వెళితే, అల్మారాలో నల్లటి సీసా ఒకటి కనబడింది. కళ్ళజోడు లేదు. పెద్దక్షరాలు మాత్రం కూడబలుక్కున్నాను: 'హెరెస్'. ఫోనులో వెతికితే షెర్రీ అనే షరాబుకు పేరొచ్చిన వూరు అది అని తేలింది.

గుండె గుభేలుమంది. సీసా చేతిలోకి తీసుకునే హిమ్మత్ లేక అల్మారా మూసేశాను. బేగంకు కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచీ బిడ్డ నమాజు చదువుతోందా లేదా అని దొంగచూపులు చూడటమే నా పనైంది. చదువుతూనే ఉంది. అయినా దిల్ ముతమయిన్ కాలేదు.

శనివారం తనే అంది, "అబ్బా, హెరెస్ చూసొద్దాం" అని. రైల్లో సుమారు గంట సఫర్. దారంతా నేను నోరు విప్పలేదు.

ముందు కోటకు తీసుకెళ్ళింది. లోపల మువహ్హిదీన్ల కాలం నాటి చిన్న మస్జిద్ ఉంది. ఎనిమిది పలకల గుంబద్, మెహ్రాబ్, వుజూ చేసుకునే సహన్. 1264లో వూరు అల్ఫోన్సో రాజు చేతికి వెళ్ళాక దాన్ని చర్చిగా మార్చారు. మెహ్రాబ్ మాత్రం ఇంకా ఉంది. మదర్సాల్లో మఖామాతె హరీరీ చదివినవాళ్ళకు, దానికి షరహ్ రాసిన అల్లామా షరీషీ పేరు తెలిసే ఉంటుంది. 1222లో వఫాత్ అయిన ఆయనది ఈ వూరే. అప్పటి పేరు షరీష్. ఒక ఆలిం పేరు చివరనున్న ఆ మాటే ఇంగ్లీషువాళ్ళ నోట్లో షెర్రీ అయి కూచుంది!

తర్వాత బాజారు. బేగంకు అక్కడ తర్జుమా అక్కర్లేకపోయింది. జైతూన్ కాయల్ని వాళ్ళు 'అసెయ్‌తూనా' అంటారు, జాఫ్రాన్‌ను 'అసాఫ్రాన్' అంటారు. రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే. మిఠాయిల దగ్గర మాత్రం అమ్మాయి మమ్మల్ని ఆపింది. 'మంతెకాదో' అనే బిస్కట్లలో పంది కొవ్వు ఉంటుందట. కూరల పేరు చివర 'అల్ హెరెస్' అని ఉంటే షరాబు పోసి వండినట్టట.

భోజనానికి చిన్న రొయ్యలు వేసిన పల్చటి అట్లు తెప్పించాం. రొయ్య మీద మన ఇళ్ళలో జరిగే బహసు అక్కడా కాసేపు జరిగింది. తాగడానికేం కావాలని వెయిటర్ అడిగాడు. స్పెయిన్‌లో 'మోస్తో' అంటే అంగూర్ రసం అని ఎక్కడో చదివిన గుర్తు. తెలివిగా "మోస్తో" అన్నాను.

"నక్కో అబ్బా!" అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "మాద్రిద్‌లో అయితే రసమే. ఈ ఇలాఖాలో మోస్తో అంటే ఆ ఏడాది పులిసిన కొత్త షరాబు."

అస్తగ్‌ఫిరుల్లా! ఎవరిని ఎవరు కాపలా కాస్తున్నట్టు?

చివరికి ఒక దుకాణంలో రొట్టె ముక్క మీద నాలుగు చుక్కలు వేసి రుచి చూడమన్నారు. పుల్లగా, ఘాటుగా ఉంది. అమ్మాయి అదే నల్లటి సీసా ఒకటి చేతిలోకి తీసుకుంది. "అమ్మీ, మొన్న కచుంబర్‌లో వేస్తే బాగుందన్నావే, ఆ సిర్కా ఇదే." కళ్ళజోడు పెట్టుకుని చూశాను. 'వినాగ్రె దె హెరెస్'. ఆ కచుంబర్ నేను రెండుసార్లు వడ్డించుకుని మరీ తిన్నాను.

షరాబు పూర్తిగా సిర్కాగా మారిపోతే హలాలే అని మన హనఫీ ఉలమా అంటారు. చెక్క పీపాల్లో కనీసం ఆరు నెలలు, 'రిజర్వా' అయితే రెండేళ్ళు నిలవ ఉంచుతారు. ఇందులో కాస్త ఆల్కహాలు మిగలొచ్చు కాబట్టి కొందరు ఎహతియాత్‌గా వాడరు. మీరు కొనేముందు మీ ఆలింను అడగండి.

తిరుగు రైల్లో అమ్మాయికి అంతా చెప్పేశాను. పగలబడి నవ్వింది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అంది: "మూడు రోజులు మోశావా అబ్బా? నన్ను అడిగితే అయిపోయేది కదా."

బద్‌గుమానీ గురించి సూరె హుజురాత్‌లో ఏముందో నేను పదిమందికి చెప్పినవాణ్ణే. ఆ రోజు నా బిడ్డకు జవాబు చెప్పలేకపోయాను.