ముట్టుకునే ముందు చూడటం

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ సైన్స్ విభాగం చూడడానికి వెళ్ళాను. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం వాళ్ళకు ఆ రోజు ఘటనాస్థలం ప్రాక్టికల్. ఒక గదిని ఇల్లులా సర్దిపెట్టారు. కుర్చీ పక్కకు పడి ఉంది. నేల మీద గాజు పెంకులు, చాప అంచున ఎర్రటి మరక.

లోపలికి అడుగు వేయబోయిన కుర్రాణ్ణి ప్రొఫెసర్ ఆపారు. "ఆగు నాయనా. గుమ్మంలోనే నిలబడి కనిపించినదంతా రాసుకో. తర్వాత ఫొటోలు, ఆ తర్వాత కొలతలు. చెయ్యి వేయడం అన్నిటికన్నా చివర."

రెండు వస్తువులు తగిలితే ఒకదాని నుంచి మరొకదానికి ఏదో ఒకటి అంటుకుంటుందన్నది ఈ చదువుకు పునాది. 1910లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పోలీసు ప్రయోగశాల నెలకొల్పిన ఎడ్మండ్ లోకార్డ్ పేరు మీద ఈ సూత్రం నిలిచింది. ఇది నేరస్థుడికే కాదు, దర్యాప్తుకు వచ్చిన క్లూస్ టీమ్‌కూ వర్తిస్తుంది. అజాగ్రత్తగా వేసిన ఒక్క అడుగు ఉన్న ఆధారాన్ని చెరిపేసి, లేనిదాన్ని తెచ్చిపెడుతుంది.

గదిలో లైట్లు ఆర్పి టార్చిని నేల వారగా వెలిగించారు. అప్పటిదాకా కనబడని చెప్పు ముద్ర ఒకటి దుమ్ములో తేలింది. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీశాకే మరక దగ్గరికి వెళ్ళారు.

మరకను ఫిల్టర్ పేపరుతో అద్ది, ముందు ఫినాల్ఫ్తలీన్ ద్రావణం వేశారు. రంగు మారలేదు. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయగానే కాగితం గులాబీ రంగుకు తిరిగింది. "రక్తం మేడమ్!" అంది ఒక అమ్మాయి. "రక్తం కావచ్చు అని రాయమ్మా" అన్నారు ప్రొఫెసర్. కొన్ని కూరగాయల్లోని ఎంజైములు కూడా ఇదే రంగు ఇస్తాయట. నిర్ధారణకు వేరే పరీక్ష ఉంది. అది మనిషి రక్తమేనా, ఎవరిది అన్నవి ఆ తర్వాతి మెట్లు.

మరక పడిన గుడ్డ ఒకదాన్ని ఆరబెట్టి కాగితం కవరులో పెట్టించారు. ప్లాస్టిక్‌లో తేమ నిలిచి బూజు పడుతుంది, డీఎన్‌ఏ పాడవుతుంది. కవరుకు సీలు, దాని మీద సంతకం, తేదీ, వేళ. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో ప్రతిసారీ రాయాలి. ఆ వరుసలో ఒక్క ఖాళీ ఉన్నా కోర్టులో డిఫెన్స్ లాయరు అక్కడే పట్టుకుంటాడు.

ఈ శాస్త్రంలో మన దేశానిది పాత అనుభవమే. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో వెలిసింది. వేలిముద్రల వర్గీకరణను తీర్చిదిద్దడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ పాలు పెద్దది. పద్ధతికి మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీ పేరు వచ్చింది. దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రలకు బాట వేసిన లాల్జీ సింగ్ పనిచేసింది మన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనే.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్ళాల్సిందే. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ దాకా వ్యవధి ఇచ్చారు. అంటే ఈ పిల్లల అవసరం ముందు ముందు చాలా ఉంటుంది. కెమిస్ట్రీ ఇష్టమైతే విషాల విశ్లేషణ, బయాలజీ అయితే డీఎన్‌ఏ, ఫిజిక్స్ అయితే తుపాకీ గుళ్ళ పరీక్ష, కంప్యూటర్లు అయితే డిజిటల్ ఆధారాలు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ ఏది చదివినా ఇక్కడికి దారి ఉంది.

అయితే ఈ చదువుకు ఉద్యోగం కన్నా పెద్ద కారణం ఒకటుంది. 1983, 1986లలో ఇంగ్లాండులోని లెస్టర్ దగ్గర జరిగిన హత్యల కేసులో డీఎన్‌ఏ మొదట చేసిన పని నేరస్థుణ్ణి పట్టివ్వడం కాదు, నేరం ఒప్పుకున్న కుర్రాడు నిర్దోషి అని తేల్చడం. అసలు హంతకుడు ఆ తర్వాతే దొరికాడు. పరీక్ష ఎంతవరకు చెబితే అంతవరకే రాయడం ఆ అమ్మాయి ఇప్పుడే నేర్చుకుంటోంది. రేపు ఒక అమాయకుడి జీవితం ఆమె రాసే ఒక్క వాక్యం మీద ఆధారపడవచ్చు.