పది అను మాట

కొందరు తపాలా బిళ్ళలు సేకరిస్తారు. నాకు అమెరికాలో ఒకప్పుడు ప్రైవేటు బ్యాంకులు ముద్రించిన నోట్ల మీద మక్కువ. ఈ అలవాటు అంటించినవాడు నా పూర్వ విద్యార్థి. అక్కడి నుండి సెలవులకు వచ్చినపుడు "ఇది మీ దగ్గర ఉండవలసినది సార్" అంటూ ఒక పాత నోటు నా చేతిలో పెట్టాడు.

అది న్యూ ఆర్లియన్స్ నగరపు సిటిజెన్స్ బ్యాంక్ ఆఫ్ లూసియానా వారి పది డాలర్ల నోటు. ఆ రోజులలో అక్కడ రాష్ట్రాల అనుమతి పొందిన బ్యాంకులు ఎవరి నోట్లు వారే ముద్రించుకొనేవి. నోటు తెచ్చినవారికి నాణెములిచ్చెదమన్న హామీయే దాని విలువ. బ్యాంకు దివాలా తీసినచో మిగిలేది కాగితమే. 1865లో ఈ నోట్లపై పదిశాతం పన్ను విధిస్తూ చట్టం చేయడంతో వాటికి కాలం చెల్లింది. నా నోటుపై సంతకాల చోటు ఖాళీగా ఉన్నది. చెలామణిలోనికి రాకుండా మిగిలిపోయిన ఇటువంటివి అనేకం దొరకుట చేతనే నావంటి బడిపంతులుకు ఈ సరదా సాధ్యమైనది.

నోటు వెనుక పెద్ద అక్షరాలతో ఒక ఫ్రెంచి మాట ఉన్నది. ఫ్రెంచివారు దానిని 'దీస్' అని పలుకుతారు. పది అని అర్థం. ఆ నగరంలో ఫ్రెంచి మాట్లాడువారెందరో ఉండగా, వారి భాషలోనూ విలువ చెప్పడం బ్యాంకుకు అవసరమైనది. అదే లూసియానాలో 1921 నాటి రాజ్యాంగం ప్రభుత్వ పాఠశాలలలో బోధన ఆంగ్లంలోనే జరగాలన్నది. బడిలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లలు శిక్షలు అనుభవించారు. 1968లో ఆ రాష్ట్రమే ఫ్రెంచి పునరుద్ధరణకు ఒక మండలిని స్థాపించవలసి వచ్చినది.

హోసూరు ప్రాంతంలో తెలుగు చెప్పు నాకు ఈ కథ పరాయిదిగా తోచలేదు. ఒకనాడు ఆరవ తరగతి పిల్లలకు ఆ నోటు చూపి, పిదప మన పది రూపాయల నోటు ఇచ్చాను. వెనుకనున్న పట్టికలో పదునైదు భాషలున్నవి. ఇంట తెలుగే మాట్లాడే ఒక బాలిక తమిళ పంక్తిని గడగడ చదివి, దాని క్రింది పంక్తి వద్ద ఆగిపోయినది.

"సార్, ఇది మన భాషేనా?"

తప్పు ఆమెది కాదు. వారి తెలుగు పీరియడ్లు రెండేళ్ళుగా వేరే పాఠాలకు పోయినవి. నేనూ గట్టిగా అడగలేదు. ఆ రోజు అందరిచేత 'పది రూపాయలు' అని కూడబలుక్కొని చదివించాను. మరునాడు ఆ అమ్మాయి వచ్చి, వాళ్ళ అవ్వకు వేలు పెట్టి చూపించానని చెప్పినది. అవ్వకు అక్కడ తెలుగున్నదని అంతవరకు తెలియదట.

తల్లిదండ్రులారా, ఈ సాయంత్రం మీ ఇంట ఒక నోటు వెనుకకు త్రిప్పి పిల్లల ముందుంచండి. ఏ పంక్తి వద్ద ఆగుతారో చూడండి. నేను మాత్రం పోయిన పీరియడ్ల కొరకు అర్జీ వ్రాసి ఇచ్చాను.