ఫొటోలో చిన్న చెయ్యి

మా ఇల్లు ఉప్పల్‌లో. పాప బడి నాచారంలో. ఎనిమిదిన్నరకల్లా గేటు వేసేస్తారు. మేం ఇంట్లోంచి బయటపడేసరికే ఎనిమిదీ పది! రింగురోడ్డు దగ్గర పోయిన నిమిషాలను హబ్సిగూడ దాటాక రాబట్టుకోవడం నాకు అలవాటు.

ఆమధ్య ఫోన్‌కి ఈ-చలానా వచ్చింది. అతివేగానికి వెయ్యి రూపాయలు, యూజర్ చార్జీలు మరో 35.

‘‘అప్పుడే కట్టకన్నా, డిస్కౌంట్ ఇస్తారు’’ అన్నాడు పక్క ఫ్లాట్ కుర్రాడు. నిజమే. 2022 మార్చిలో పెండింగ్ చలానాలకు బైకులవాళ్లు పావు వంతు కడితే సరిపోయింది. 2023 డిసెంబరులో అయితే అయిదో వంతే. ఆగినవాడే తెలివైనవాడన్నమాట! నేనూ ఆగుదామనుకున్నా.

రాత్రి ఫొటో తెరిచి చూశాను. నంబరు ప్లేటు, దానిపైన పెద్ద స్కూలు బ్యాగు, పక్కనుంచి నా చొక్కాను పిడికిట బిగించిన చిన్న చెయ్యి. హెల్మెట్ నాకే ఉంది.

‘‘భయమేసిందా తల్లీ?’’

‘‘రోజూ కళ్లు మూసుకుంటా నాన్నా. గేటు దగ్గర తెరుస్తా.’’

మా ఆవిడ ఏమీ అనలేదు. అలారం ఇరవై నిమిషాలు ముందుకు జరిపింది. చలానా ఆ రాత్రే కట్టేశాను.

అయినా మర్నాడు రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్ కదల్లేదు. మేం వెళ్లేసరికి గేటు వేసేశారు. డైరీలో ‘లేట్’ అని రాయించుకుని లోపలికెళ్తూ, పాప వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.