స్లైడు మీద దొరకని చుక్క

పాతికేళ్లు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను. మా ప్రాక్టికల్స్‌లో ఒకటుండేది. చెంప లోపలివైపు మెల్లగా గీకి, ఆ కణాలని స్లైడు మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద బార్ బాడీని చూపించాలి. కేంద్రకం అంచున ముదురు చుక్క. ఆడపిల్లల కణాల్లో ఉంటుంది, మగపిల్లల కణాల్లో ఉండదు. నేను చెప్పేది అంతే.

2003లో ఒకమ్మాయి స్లైడులో ఆ చుక్క దొరకలేదు. వెనకనుంచి ఎవడో "అయితే నువ్వు మా జట్టే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "రంగు సరిగ్గా పట్టలేదేమో, మళ్లీ చెయ్యమ్మా" అని పక్క టేబులుకి వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆ అమ్మాయి ప్రాక్టికల్స్‌కి రాలేదు. రికార్డు మాత్రం స్నేహితురాలి చేత పంపింది.

2025 సెప్టెంబరు నుంచి మహిళా విభాగంలో ప్రపంచ పోటీలకి వచ్చే అథ్లెట్లకి వరల్డ్ అథ్లెటిక్స్ జన్యు పరీక్ష పెట్టిందని చదివినప్పుడు ఆమే గుర్తొచ్చింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో క్రీడాకారిణుల చెంపలు గీకి వెతికింది మా ల్యాబు చుక్కనే. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్ పటీన్యోకి 1985లో అది లేదన్నారు. ఆమెవి ఎక్స్‌వై క్రోమోజోములు, కానీ ఆమె శరీరం పురుష హార్మోనుని అందుకోదు. పతకాలు పోయాయి, పోరాడి 1988లో తిరిగి అర్హత తెచ్చుకుంది.

అసలా చుక్క ఏమిటి? స్త్రీ పిండం ఇంకా చిన్న కణాల ముద్దగా ఉన్నప్పుడే ఒక్కో కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని బిగించి చుట్టేస్తుంది. ఒక కణంలో అమ్మిచ్చింది, పక్కదాంట్లో నాన్నిచ్చింది. దాని పిల్లకణాలన్నీ అదే ఎక్స్‌ని మూసే ఉంచుతాయి. 1961లో మేరీ లయన్ ఎలుకల బొచ్చు మీది రంగుల్ని బట్టి ఈ సంగతి చెప్పారు. ఇలా బిగిసిన భాగాలకి హెటిరోక్రోమాటిన్ అని 1928లోనే ఎమిల్ హైట్జ్ పేరు పెట్టాడు. అక్కడ జన్యువు మారదు, దాన్ని చదవనివ్వరు, అంతే. పండ్ల ఈగలో కంటి ఎరుపుకి కావలసిన జన్యువు చోటు మారి హెటిరోక్రోమాటిన్ పక్కన పడితే, కన్ను ఎరుపూ తెలుపూ మచ్చలతో వస్తుంది. మారింది ఇరుగుపొరుగే.

నేను నోట్సులో దాన్ని "జడం" అని చెప్పించాను. మూసిన ఎక్స్‌లోనూ నూటికి పదిహేను దాకా జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి. సెంట్రోమియర్ దగ్గరి హెటిరోక్రోమాటిన్ అయితే, కణం విడిపోయేవరకూ జంట క్రోమాటిడ్‌లని కలిపి పట్టుకునేందుకు తోడ్పడుతుంది. అది చెడితే క్రోమోజోములు తప్పుడు లెక్కలో పంచబడతాయి. నోరు విప్పని ఆడవాళ్లే ఇల్లు నిలబెడతారని ఇక్కడో పోలిక తేవాలనిపిస్తుంది. తేను. క్రోమోజోముని ఎవరూ నోరు మూసుకోమనలేదు.

ఆ రోజు చెప్పాల్సింది ఒక్క మాటే. మామూలు స్త్రీలలో కూడా చెంప కణాలన్నిట్లో ఆ చుక్క కనబడదు. కేంద్రకం ఏ పక్కకి తిరిగి ఉంది, రంగెంత పట్టింది అన్నదాన్ని బట్టి చాలా కణాల్లో దొరకదు. వంద కణాలు లెక్కపెట్టాలి. ఆమెని పది కూడా చూడనివ్వలేదు. తర్వాతి సంవత్సరాల్లో స్లైడుల మీద పేర్లు తీసేసి నంబర్లు వేయించాను.

ఆమె రికార్డులో ఆ పేజీ ఉంది. పెన్సిలుతో శుభ్రంగా కేంద్రకం, అంచున నల్లటి చుక్క. టెక్స్ట్‌బుక్ బొమ్మే, మక్కీకి మక్కీ. నాకు తెలుసు. కింద ఎర్రసిరాతో సంతకం పెట్టి, పదికి తొమ్మిది వేశాను.