మా అమ్మీ చేపల హిసాబ్

చేపలు తగ్గిపోయాయని అమ్మీ అంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఎలా ఒప్పుకుంటారు? మృగశిర కార్తె రోజు హైదరాబాద్‌లో రాంనగర్ మార్కెట్‌కి వెళ్లి చూడండి, కాలు పెట్టే జాగా ఉండదు. మామూలు ఆదివారం కూడా మా గల్లీ చివర బండి మీద చేపలు గుట్టగా పోసి ఉంటాయి. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశే ముందుంది. "ఇంత రౌనక్ కళ్ల ముందు పెట్టుకుని కమీ అంటారేంటి మీ అమ్మీ?" అని మా ఆయన నవ్వుతారు.

అమ్మీ జిద్ వదలదు. "చేపలున్నాయి బాబా, కాదనను. రకాలేవీ?" అంటుంది.

ఆ మాట పట్టుకుని ఒకరోజు బండి ముందు నిలబడి లెక్కపెట్టాను. రవ్వ, బొచ్చె, బంగారుతీగ, తిలాపియా, ఒక తొట్టిలో ప్రాణంతో ఉన్న కొర్రమేను. అంతే. ఐదు. అవన్నీ చెరువుల్లో పెంచినవే. కొల్లేరు చుట్టుపక్కల నుంచి ఐస్‌లో పెట్టుకుని రాత్రికి రాత్రి లారీల్లో వచ్చినవి.

అమ్మీ మైకా రాజమండ్రి. గోదావరి గట్టుకి నాలుగు అడుగుల్లో ఇల్లు. నానా మియాకి చేపల షౌక్ ఎక్కువ. కోడి అయితే జబహ్ చేసేవాళ్ల కోసం చూడాలి, చేపకి ఆ బాధ లేదు కాబట్టి ఇంట్లో చిన్నపిల్లలని కూడా రేవుకి పంపేసేవారట. అమ్మీ అలా ఏడేళ్లకే బుట్ట పట్టుకుని వెళ్లింది. ఆమె చెప్పే పేర్లు వింటుంటే ఒక మొహల్లాలో మనుషుల గురించి చెప్తున్నట్టు ఉంటుంది. వాలుగ నోరు పెద్దది, పొలుసు ఉండదు, పక్క చేపల్ని మింగి బతుకుతుంది. ఇంగిలాయిని చేత్తో పట్టుకోకూడదు, ముల్లు గుచ్చిందంటే రాత్రంతా ఏడుపే. బొమ్మిడాయి పాములా పొడుగ్గా, మూతి సూదిగా ఉంటుంది, చింతపండు ఖట్టాలో దాని లజ్జతే వేరు. నల్లగండు, గండిమీను, జెల్లలు, మట్టగుడిస, మార్పు. ఇక పరిగెలకి అసలు తూకమే ఉండేది కాదు, దోసిలితో పోసేవారు. వాటిని తల, ముల్లుతో సహా కరకరలాడేలా వేయించి పిల్లలకి పెట్టేవారు. చిన్న చేపల్ని అలా మొత్తంగా తింటేనే కాల్షియం, కొన్ని రకాల్లో విటమిన్ ఎ పుష్కలంగా అందుతాయని ఇప్పుడు పోషకాహార శాస్త్రవేత్తలు చెప్తున్నారు. మా నానీమాకి విటమిన్ పేర్లు తెలియవు. కళ్లకి మంచిదని మాత్రం అనేదట.

ఇందులో ఎన్ని మా అమ్మాయికి తెలుసు? ఒక్కటీ తెలీదు. దానికి చేప అంటే చేప. ముల్లు ఉన్నది, ముల్లు లేనిది.

అమ్మీది నోటి హిసాబ్. రాసిపెట్టిన హిసాబులు కూడా ఉన్నాయి. మన కృష్ణలో కలిసే భీమకి పైన పుణె దగ్గర ములా, ముఠా అనే నదులున్నాయి. విలియం సైక్స్ అనే ఇంగ్లీషు ఫౌజీ అక్కడి జాలరుల దగ్గర చేపలు చూసి, వాళ్లు పిలిచే పేర్లతోనే కొన్నిటికి శాస్త్రీయ నామాలు పెట్టి 1839లో ప్రకటించాడు. దక్కన్ మహసీర్‌కి ఉన్న 'ఖుద్రీ' అనే పేరు అలా వచ్చిందే. ఆ తర్వాత పుణె పరిశోధకులు మళ్లీ మళ్లీ అవే నదులకి వెళ్లి, పాత జాబితాలు ముందు పెట్టుకుని, ఏది దొరికింది, ఏది దొరకలేదు అని సరిచూశారు. పాతవి కొన్ని కనబడకుండా పోయాయి. సైక్స్ కాలంలో లేని పరదేశీ చేపలు జాబితాలో చేరాయి. నాకు ఆ సంగతి చదివినప్పుడు అమ్మీయే గుర్తొచ్చింది. ఒకే రేవుకి డెబ్బై ఏళ్లు వెళ్లిన మనిషి గవాహీ కూడా అలాంటిదే కదా. మనం మాత్రం మనం పుట్టాక చూసిందే అసలు దరియా అనుకుంటాం. మా ఆయన తన చిన్నప్పటి మార్కెట్‌తో పోలుస్తారు, అమ్మీ తన చిన్నప్పటి గోదావరితో పోలుస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

రకాలు ఎందుకు పోయాయి అంటే అందరూ ముందు పులస పేరే ఎత్తుతారు. ఎత్తాల్సిందే. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. వానాకాలం గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. అలా ఈదిన చేపే పులస. పుస్తెలమ్మి అయినా తినాలన్నారు మనవాళ్లు. అది ఎంత దూరం వెళ్లాలని బయల్దేరుతుందో గానీ ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది, తర్వాత దాని స్థానంలో ఇప్పటి బ్యారేజీ వచ్చింది. నేను కాటన్‌ని తప్పుపట్టను. అంతకుముందు కరువుల్లో గోదావరి పక్కనే జనం ఆకలితో పోయారు. ఆ నీళ్లే లేకపోతే డెల్టాలో మా నానా ఖాందాన్ అన్నం తినేది కాదు. కానీ చేప కూడా ఆ దారినే వస్తుందన్న ఫికర్ మాత్రం కట్టినవాళ్లకి లేదు. తెలియక కాదు. ఫ్రాన్సిస్ డే అనే ఆయన మంచినీటి చేపల మీద 1873లో ఇచ్చిన సర్కారీ నివేదికలోనే, నదులకి అడ్డంగా కట్టినవి చేపల రాకపోకలని ఆపుతున్నాయని రాశారు. నూట యాభై ఏళ్లు దాటింది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలైనప్పుడు కూడా ఇదే కథ. అంతకుముందు అలహాబాద్ దాకా వెళ్లిన ఇలిష్ అక్కడే ఆగింది.

పులసకి ధర ఉంది కాబట్టి దాని గురించి పేపర్లో వస్తుంది. ఒక్క చేప వేలల్లో అమ్ముడుపోతే ఫోటో వేస్తారు. ధర లేనివాటి సంగతి ఎవరు రాస్తారు? పారే నీళ్లు ఆగి సరస్సులా మారితే, రాళ్ల మీద, ఇసుక మీద పారే నీటిలో బతకడం నేర్చిన చేపలకి ఇల్లు పోయినట్టే. గుడ్లు పెట్టే చోట ఇసుక తవ్వి లారీలకెత్తితే అదీ అంతే. కృష్ణ బ్యాక్‌వాటర్‌లో అలవి వలలు వేసి వేలెడు పిల్లల్ని కూడా ఊడ్చేస్తారు. ఆ వలలు వెయ్యకూడదని రూల్ ఉంది, వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు. మన మూసీ గురించి కొత్తగా చెప్పేదేముంది. 1908 వరదల తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టి షహర్‌ని కాపాడుకున్నాం. ఆ తర్వాత కింద ఉన్న దరియాలోకి మన బాత్‌రూములు వదిలాం. మురుగు చేరితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలో ఆక్సిజన్ అంతా లాగేసుకుంటాయి. పైకొచ్చి గాలి పీల్చగల చేపలు, దేనికైనా తట్టుకునే మొండి చేపలు మిగులుతాయి. నాజూకువి ముందు పోతాయి.

అయితే మార్కెట్‌లో ఆ గుట్ట ఎక్కడి నుంచి వచ్చింది? ఇది నాకు చాలా కాలం అర్థం కాలేదు. రవ్వ, బొచ్చె లాంటివి చెరువులో పెరుగుతాయి గానీ అక్కడ గుడ్లు పెట్టవు, వాటికి వరద నీటి పారుదల కావాలి. అందుకే వెనుకటి జమానాలో నదుల్లోంచే పిల్లల్ని ఏరి తెచ్చేవారు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన సాథీలు చేపకి ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. ఆ జూలై 10నే ఇప్పుడు చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. దానివల్ల పేదవాడి ప్లేట్‌లోకి చేప వచ్చింది. బర్కత్ అంటే అదే, నేను కాదనను. కానీ అప్పటి నుంచి చేప కోసం నదితో పని లేకుండా పోయింది. నది ఎండినా, కుళ్లినా బండి మీద గుట్ట తగ్గదు. కాబట్టి ఎవరికీ దెబ్బ తగిలినట్టు అనిపించదు. 2016 నుంచి తెలంగాణ సర్కార్ చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపపిల్లలు ఉచితంగా వదులుతోంది. మత్స్యకారులకి రోజీ కాబట్టి మంచిదే. దాన్ని చేపల సంరక్షణ అంటేనే నాకు ఒప్పుకో బుద్ధి కాదు. వదిలేది ఆ నాలుగు రకాలే. అందులో బంగారుతీగ మన దేశపు చేపే కాదు.

మెహమాన్‌గా వచ్చి ఇంటివాళ్లని గెంటేసినవి కూడా ఉన్నాయి. తిలాపియా 1952లో దేశంలోకి వచ్చింది. గుడ్లు, పిల్లల్ని తల్లి నోట్లోనే దాచుకుంటుంది కాబట్టి దాని నసల్ ఆగదు. దోమలు తింటుందని 1928లో తెచ్చిన గంబూసియా, దోమలతో పాటు పక్క చేపల గుడ్లు, పిల్లలు కూడా తింటుంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ సంగతి మా ఇంటి దాకా వచ్చింది. మా మామూ కొడుకు ఊళ్లో రెండెకరాల చెరువు లీజుకి తీసుకున్నాడు. తేజ్‌గా పెరుగుతుంది, కోడి వ్యర్థాలు వేసినా తింటుంది, అది వేసుకో అని ఎవరో సలహా ఇచ్చారు. అది 2000 నుంచి నిషేధం. వరదకి చెరువు కట్ట దాటిందంటే తడి నేల మీద పాక్కుంటూ కూడా పోతుంది, కనబడిన చేపనల్లా తింటుంది. మార్కెట్‌లో దాన్నే మార్పు అని చెప్పి అమ్ముతారు. అసలు మార్పు ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న చేపల జాబితాలో ఉంది. "పేరు కూడా లాక్కుందా అది!" అంది అమ్మీ, విని.

మా తమ్ముడు దాన్ని వెయ్యలేదు లెండి. అమ్మీ ఫోన్‌లో అరగంట తీసుకుంది.

ఇంకొకటి మా హాల్లోనే ఉంది. మా అమ్మాయి అక్వేరియంలో అద్దానికి అతుక్కుని పాచి తినే చేప ఒకటి. కొన్నప్పుడు చిటికెన వేలంత, ఇప్పుడు జానెడు దాటింది, తొట్టి సరిపోవడం లేదు. పక్కింటి బాజీ చాలా మంచి నియ్యత్‌తో "పాపం, తీసుకెళ్లి చెరువులో వదిలేయండి, సవాబ్ వస్తుంది" అన్నారు. అమ్మాయి కూడా అదే రహమ్ అనుకుంది. దాన్ని కూర్చోబెట్టి చెప్పాల్సొచ్చింది. ఆ చేప దక్షిణ అమెరికాది. ఇలా జాలిపడి వదిలినవే ఇప్పుడు కృష్ణలో జాలరుల వలల్లో పడుతున్నాయి. ఒంటి మీద కవచం, ముళ్లు. వల చింపుతుంది, ఎవరూ కొనరు, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. దెయ్యం చేప అని పిలుస్తున్నారు దాన్ని. "అయితే నా చేప దెయ్యమా?" అని అమ్మాయి ఏడుపు. కాదు బేటీ, నీ తొట్టిలో ఉన్నంతవరకు కాదు. పెద్ద తొట్టి కొన్నాం. ఆ ఖర్చు మా ఆయన ఇంకా మర్చిపోలేదు. మీ ఇళ్లలోనూ అలాంటిది ఉంటే దుకాణంవాడికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచండి. నీళ్లలో మాత్రం వదలకండి.

ప్రపంచంలో మంచినీటి చేపల్లో నాలుగో వంతు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని లెక్క. కానీ అలాంటి పెద్ద లెక్క వింటే మనిషికి చేతులు పడిపోతాయి. నాకు తుంగ నది ఒడ్డు సంగతి నచ్చుతుంది. ఆ నీళ్లు కూడా కృష్ణకే వస్తాయి. శృంగేరిలో గుడి మెట్ల దగ్గర చేపల్ని ఎవరూ పట్టరు. వచ్చినవాళ్లు మరమరాలు వేస్తారు, మహసీర్లు మోచేతంత పెరిగి గుంపులుగా తిరుగుతాయి. నది మొత్తం కాదు, ఒక మడుగు. ఇక్కడ పట్టకూడదు అని ఊరంతా ఒప్పుకున్న ఒక్క మడుగు. మన దర్గాల పక్కన, ఈద్గాల పక్కన పాత కుంటలు ఎన్ని లేవు? ఒక్క కుంటలో మురుగు రాకుండా ఆపి, వల పడకుండా చూస్తే పరిగెలు వాటంతటవే పెరుగుతాయి. పిల్లల్ని కొని వదిలే పని కూడా లేదు.

మొన్న మా తమ్ముడు కొర్రమేను వేద్దామని నిర్ణయించుకుని అమ్మీకి ఫోన్ చేశాడు. తెలంగాణ రాష్ట్ర చేప కదా అదే, ధర కూడా ఉంది. అమ్మీ ఖుష్. తల్లీతండ్రీ రెండూ పిల్లల్ని కాపలా కాస్తాయని, ఎర్రటి పిల్లల గుంపు కింద తల్లి నల్లగా నీడలా తిరుగుతుందని తను చూసినదంతా చెప్పింది. తర్వాత వాడు చెరువు తయారీ గురించి చెప్తూ, "ముందు నీళ్లు తగ్గించి ఇప్పపిండి వేసి కలుపు చేపలన్నీ చంపెయ్యాలి ఫుప్పూ, అప్పుడే సీడ్ వేస్తాం" అన్నాడు.

"కలుపు చేపలంటే ఏవి రా?"

"అవే, ఊరికే పుట్టేవి. పరిగెలు, జెల్లలు, మట్టగుడిసలు."

అమ్మీ కాసేపు ఖామోష్‌గా ఉంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి అందరం విన్నాం. "చంపేముందు ఒక బకెట్ తీసిపెట్టు బాబా," అంది చివరికి. "నీళ్లతో సహా. ప్రాణంతో. మీ ఇంటి వెనక కుంటలో పోద్దాం, నేను వస్తాను."

శుక్రవారం రాత్రి బస్సుకి టికెట్ తీశాం. ఆమెతో అమ్మాయి కూడా వెళ్తానంటోంది.