పీణ్యలో పలుగురాయి పోగు

సంపిగె రోడ్డు స్టేషన్‌లో పచ్చ లైను మెట్రో ఎక్కి పీణ్య వైపు కూర్చుంటే, బెంగళూరు చెమటోడ్చిన చోట్లన్నీ వరసగా కిటికీలోంచి కనిపిస్తాయి. ఎక్కే చోటు నుంచే మొదలు. ఇప్పుడు మంత్రి మాల్ ఉన్న జాగా ఒకప్పుడు రాజా మిల్లుది. తర్వాత శ్రీరాంపురం, రాజాజీనగర్, శాండల్ సోప్ ఫ్యాక్టరీ, యశ్వంతపూర్, గొరగుంటెపాళ్య. రైలు స్తంభాల మీద పోతుంది కాబట్టి రేకుల కప్పులు, నీళ్ళ ట్యాంకులు, మేడల మీద ఆరేసిన యూనిఫారాలు అన్నీ కింద పరిచినట్టు ఉంటాయి. 2014 మార్చిలో ఈ దారి తెరిచినప్పటి నుంచి పీణ్య మనకు అరగంట దూరం కూడా కాదు.

మిల్లు గేట్లు ఒక్కొక్కటే మూతపడ్డాక మన ఇళ్ళ పిల్లలు చాలామంది పని వెతుక్కుంటూ పోయింది ఇటే. మా మేనల్లుడూ అంతే. ఐటీఐ అయ్యాక పీణ్యలో ఒక చిన్న షెడ్డులో చేరాడు. ‘క్వార్ట్జ్ పని’ అన్నాడు. ఇంట్లో ఎవరికీ అదేమిటో అర్థం కాలేదు. డెలివరీ బండి తోలుకుంటే ఇంతకన్నా ఎక్కువొస్తుంది, ఆ నిప్పు దగ్గర ఏం పని అంటాడు వాళ్ళ నాన్న. మా చెల్లెలికేమో వాడి కళ్ళు ఏమైపోతాయోనని భయం. “అన్నా, డ్రాయింగ్ ఫ్రేముల మధ్య అన్నేళ్ళు ఉన్నోడివి. ఒక్కసారి పోయి చూసిరా. ఉండమంటావో, మానమంటావో నువ్వే చెప్పు” అంది. అలా పోయాను.

పీణ్య ఇండస్ట్రీ స్టేషన్ మెట్లు దిగగానే లేత్‌ల చప్పుడు ఎదురొస్తుంది. ఒక సందులో స్ప్రింగులు, పక్క సందులో ప్లేటింగు, ఆ వెనక పౌడర్ కోటింగు. టీ కొట్టు దగ్గర కన్నడ, తెలుగు, తమిళం, హిందీ నాలుగూ ఒకే గ్లాసులో పోసినట్టు వినిపిస్తాయి. మావాడి షెడ్డు ఒక సందు చివర. లోపల ఓనరుతో కాక తొమ్మిది మంది పనివాళ్ళు. రెండు గాజు లేత్‌లు, గ్యాసు సిలిండర్ల వరస, నీళ్ళు పడుతూ తిరిగే కోత చక్రం. గోడ పక్క అరల్లో కాగితం చుట్టిన గాజు గొట్టాలు, చెరుకు గడల్లా పేర్చినవి. మేస్త్రిది మదనపల్లె పక్క. నన్ను చూసి, “రా అన్నా, అల్లుడి పని చూడ్డానికి వచ్చినావా” అని స్టూలు వేశాడు.

క్వార్ట్జ్ అంటే మరేం కాదు, మన పలుగురాయి. చేలో నాగటికి తగిలే తెల్లరాయి. నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల దగ్గర ఇది బాగా దొరుకుతుంది. ఇసుకలో ఎక్కువ భాగం ఇదే పదార్థం, సిలికా. కిటికీ గాజు చేసేవాళ్ళు ఇసుకలో సోడా, సున్నం కలుపుతారు. అవి కలిస్తే తక్కువ వేడికే కరుగుతుంది. క్వార్ట్జ్ గాజులో అలాంటివేవీ కలపరు. శుద్ధి చేసిన పలుగు పొడి ఒక్కటే. అందుకే దాన్ని లొంగదీయాలంటే 2,000 డిగ్రీల దగ్గరి వేడి కావాలి. ఇనుము 1,538 డిగ్రీలకే నీరైపోతుంది మరి. 1899లో జర్మనీలోని హనావ్ పట్నంలో రిచర్డ్ క్యూఖ్ అనే ఆయన హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి మండించిన మంటలో స్ఫటికాన్ని కరిగించి తేటైన గాజు తీశాడు. పెద్ద ఎత్తున ఈ గాజు చేయడం ఆ దారిలోనే సాగింది.

ఈ షెడ్డులో పలుగును కరిగించరు. గొట్టాలు, కడ్డీలు పెద్ద ఫ్యాక్టరీల నుంచి కొని తెచ్చి, కోసి, అతికించి, సాగదీసి, అడిగినవాళ్ళకు అడిగిన రూపంలో ఇస్తారు. అయినా ఆ గొట్టం ఎలా పుడుతుందో మేస్త్రికి బాగా తెలుసు. నిలువుగా ఒక కొలిమి. లోపల టంగ్‌స్టన్ లేక మాలిబ్డినం మూస. ఆ లోహాలు వేడికి ఆగుతాయి గానీ గాలి తగిలితే కాలిపోతాయి, కాబట్టి చుట్టూ హైడ్రోజన్ కలిసిన వాయువు నింపుతారు. పైనుంచి పలుగు పొడి పడుతూ ఉంటుంది. కరిగిన గాజు నీళ్ళలా ఉండదు, ముదురు పాకంలా ఉంటుంది. కింద ఉన్న కంతలోంచి మెల్లగా దిగుతుంది. ఉత్త కంత అయితే కడ్డీ వస్తుంది. కంత నడిమధ్య ఒక దిమ్మె పెట్టి, దాని గుండా వాయువు పంపితే లోపల బోలుగా గొట్టం వస్తుంది. కింద చక్రాలు దాన్ని పట్టి లాగుతుంటాయి. మందం కొలిచే పరికరం చూస్తూ ఉంటుంది. దొడ్డయితే వేగం పెంచుతారు, సన్నమైతే తగ్గిస్తారు.

ఆయన ఇది చెబుతుంటే నాకు డ్రాయింగ్ ఫ్రేము ముందు నిలబడినట్టే ఉంది. మన దగ్గర వెనక రోలరు నిదానం, ముందు రోలరు వడి. ఆ రెండు వేగాల తేడాయే డ్రాఫ్ట్. ఇక్కడా అంతే. ఎంత వేగంతో లోపలికి పోతున్నది, ఎంత వేగంతో బయటికి లాగుతున్నాం, ఈ రెండే మందాన్ని తేలుస్తాయి. మేస్త్రి చాక్‌పీసుతో నేల మీద లెక్క వేశాడు. 20 మిల్లీమీటర్ల కడ్డీని కాచి 10 మిల్లీమీటర్లకు లాగితే, మీటరు కడ్డీ నాలుగు మీటర్లవుతుంది. అంటే డ్రాఫ్ట్ నాలుగు. లాగే వేగం నూటికి నాలుగు వంతులు పెరిగితే చాలు, 10 రావలసిన కడ్డీ 9.8కి దిగిపోతుంది. మిల్లులో కౌంటు తప్పడం అంటే ఇదే కదా!

ఒక్క తేడా ఉంది. మన దగ్గర ఆరో ఎనిమిదో స్లైవర్లు కలిపి ఒకటిగా లాగుతాం. ఒకదాంట్లో సన్నం ఉంటే పక్కదాని దొడ్డుతనం దాన్ని కప్పేస్తుంది. పలుగు గాజులో ఆ సౌకర్యం లేదు. లోపల బుడగ ఉందంటే లాగిన కొద్దీ అదీ సాగి, కడ్డీ పొడవునా వెంట్రుక గీతలా నిలిచిపోతుంది. కరిగించేటప్పుడు చేయాల్సిన జాగ్రత్త తర్వాత చేస్తానంటే కుదరదు.

మా అల్లుడు లేత్ ఎక్కించి చూపించాడు. గాజు లేత్‌కు రెండు తలలు, రెండూ ఒకే వేగంతో ఒకే వైపు తిరగాలి. ఒకటి వెనకబడిందా, వేడెక్కిన చోట గొట్టం మెలిపడిపోతుంది. వాడు నల్లద్దాలు పెట్టుకుని మంట దగ్గరికి తెచ్చాడు. గొట్టం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లగా వెలిగింది. ఉత్త కంటితో చూడలేం, నాకూ ఒక జత అద్దాలిచ్చారు. కాగిన చోటి నుంచి సన్నగా తెల్లటి ఆవిరి లేచింది. అది గాజే, ఆవిరైపోతున్నది. వాడు ఒక తలను మెల్లగా పక్కకు జరిపాడు. బొటనవేలంత గొట్టం పెన్సిలంత అయింది. కాలిపర్స్‌తో నాలుగు చోట్ల కొలిచి, “చూడు మామా, నాలుగు చోట్లా ఒకటే” అన్నాడు. వాడి గొంతులో ఆ మాట విన్నాక నాకు సగం సంగతి తెలిసిపోయింది.

తర్వాత మేస్త్రి ఎర్రగా కాలిన కడ్డీ ముక్కను తీసి బకెట్ నీళ్ళలో ముంచాడు. చుయ్‌మంది, పగల్లేదు. మామూలు గాజు మీటరు పొడవుది 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.9 మిల్లీమీటరు పెరుగుతుంది. పలుగు గాజు 0.05 మాత్రమే. పెరగడం, ముడుచుకోవడం లేనప్పుడు పగులు ఎక్కడిది? అయితే ఇంత గట్టి సరుకుకూ ఒక బలహీనత ఉంది. ఉత్త చేత్తో పట్టుకుంటే చెమటలోని ఉప్పు అంటుతుంది. తుడవకుండా కాలిస్తే వేలిముద్ర ఉన్న చోట తెల్లమచ్చ కట్టి, గాజు మళ్ళీ రాయిలా మారడం మొదలుపెడుతుంది. అందుకే అందరికీ చేతులకు తొడుగులు. కారు హెడ్‌లైటు హాలోజన్ బల్బును వేలితో ముట్టొద్దని మెకానిక్ అనేది ఇందుకే. ఆ బల్బు గాజు ఇదే.

ఒకే మందం కోసం ఇంత పట్టుదల ఎందుకని అడిగాను. గోడ ఒకచోట పలచనైతే మంటకు ఆ చోటే ముందు కుంగి గొట్టం వంకరపోతుంది. బయటి కొలత తప్పితే రబ్బరు రింగు సరిగా కూర్చోక కారుతుంది. మనలో కొందరి ఇళ్ళలోనే ఉంది ఈ గొట్టం. యూవీ దీపం ఉన్న నీళ్ళ ఫిల్టరు విప్పి చూస్తే దీపం చుట్టూ ఒక గాజు తొడుగు ఉంటుంది. క్రిముల్ని చంపే ఆ కిరణాలను మామూలు గాజు ఆపేస్తుంది, పలుగు గాజు వదులుతుంది. కంప్యూటర్ చిప్పులకు సిలికాన్ బిళ్ళలను కాల్చేదీ ఇలాంటి గొట్టాల్లోనే. ఇంటికొచ్చే ఫైబర్ నెట్ తీగ కూడా సిలికా కడ్డీని లాగిందే. వెంట్రుకంత, 0.125 మిల్లీమీటరు. 20 మిల్లీమీటర్ల కడ్డీ ఒక్క మీటరు లాగితే 25 కిలోమీటర్లకు పైగా పోగు వస్తుంది. ఏ స్పిన్నింగ్ మాస్టరూ కలలో కూడా చూడని డ్రాఫ్ట్ అది!

పలుగు నుంచి పోగు తీయడం ఇప్పటి మాటా కాదు. 1887లో ఇంగ్లండులో చార్లెస్ వెర్నన్ బాయ్స్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న విల్లు కట్టి, గడ్డిపోచ బాణానికి పలుగు ముక్క అంటించి, దాన్ని మంటలో కాచి బాణం వదిలాడు. బాణం వెనకే కంటికి ఆననంత సన్నని పోగు సాగింది. భూమి ఆకర్షణ లెక్క కోసం ఆయన చేసిన కొలతల్లో, 1895లో, ఆ పోగులే వాడాడు.

బెంగళూరుకు గాజు పని పాతదే. 1909లో పెట్టిన టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రయోగాలకు కావలసిన గాజు సామాను ఊది చేసే విభాగం ఉంది. జాలహళ్ళిలో 1954లో మొదలైన బీఈఎల్ 1961 నుంచి రేడియో వాల్వులు, 1962 నుంచి జెర్మేనియం సెమీకండక్టర్లు చేసింది. గాజును మంట దగ్గర మలిచే చేతులు ఈ ఊళ్ళో కొత్తవి కావు.

ఇక మా చెల్లెలు అడిగిన ప్రశ్న. కార్డింగ్, బ్లోరూమ్‌లో పనిచేసినవాళ్ళకు సోమవారం పొద్దున ఛాతీ పట్టేసినట్టుండేది, గుర్తుందా? అది పత్తి దుమ్ము జబ్బు, బిసినోసిస్. పలుగు దుమ్ముకు సిలికోసిస్ అనే జబ్బు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, మళ్ళీ బాగుకావు. 1948 ఫ్యాక్టరీల చట్టం తన మూడో షెడ్యూలులో రెండింటినీ చేర్చింది. పలుగురాయిని పొడి చేసే చోట ఈ ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ. కరిగించిన గాజును కోసే చోట తక్కువ, కానీ తెల్లబడి రాయిగా మారిన ముక్కల దుమ్ము మళ్ళీ పాత విషమే. ఆ షెడ్డులో చక్రం మీద నీళ్ళు పడుతున్నాయి, బాగుంది. మాస్కులు మాత్రం మేకుకు వేలాడుతున్నాయి. మూలన ఆసిడ్ డబ్బా ఉంది. గాజు కడిగే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్, చర్మం దాటి ఎముక దాకా పోతుంది. దానికి పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఏదని అడిగితే ఎవరూ చూపించలేకపోయారు.

అన్నిటికన్నా నన్ను ఆపింది ఆ తొమ్మిది అనే అంకె. మామూలుగా పదిమంది ఉంటేనే ఈఎస్ఐ తప్పనిసరి. పదో మనిషిని పెట్టకుండా ఓనరు పనిని సర్దుతున్నాడు. మనకు జ్వరమొచ్చినా, కాన్పయినా రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రే దిక్కు. ఆ కార్డు లేని పనిలో చెయ్యి కాలితే ఖర్చెవరిది? ఓనరునే అడిగాను. మాస్కులు, జెల్ ఈ వారమే తెప్పిస్తానన్నాడు. ఈఎస్ఐ మాటకు “చూద్దాం సార్” అన్నాడు.

చెల్లెలికి ఇలా చెప్పాను: “అమ్మా, బండి తోలడానికి వాడికి ఎప్పుడైనా దారి ఉంది. ఈ చెయ్యి మాత్రం రెండేళ్ళు నిలబడితేనే వస్తుంది. వచ్చాక వాణ్ణి పెద్ద కంపెనీలు పిలుస్తాయి. ఏడాది ఉండనీ. ఆ లోపు కార్డు రాకపోతే, ఆ పనితనంతోనే కార్డున్న చోటికి మారమను.” మా బావ ఇంకా ఒప్పుకోలేదు. మా అల్లుడు మాత్రం పొద్దున్నే మెట్రో ఎక్కుతున్నాడు.

మీ పిల్లలెవరైనా ఇలాంటి పనిలో చేరితే ఒకపూట మీరే పోయి చూడండి. జీతం ఎంతని అందరం అడుగుతాం. కోత చక్రం మీద నీళ్ళు పడుతున్నాయా, నల్లద్దాలు, మాస్కులు వాడుతున్నారా, ఆసిడ్ దగ్గర జెల్ ఉందా అని కూడా అడగండి. పనిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం మాత్రం మరవొద్దు.