ప్రయాణపు గడియారముల పుట్టినిల్లు

ఫ్రాన్సుదేశమున నార్మండీ సీమలో, దియెప్ రేవునకు చేరువను, సాన్ నికొలా దాలియెర్మాన్ అను చిన్న యూరు కలదు. పొడవైన బాట యొకటి, దాని కిరువంకల నిండ్లు. చూపునకు సామాన్యమైన పల్లెయే. అయినను ధనికుల మందిరముల నలంకరించిన యెన్నియో గడియారముల కిది పుట్టినిల్లు. 2007లో నచ్చట తెఱచిన గడియారముల ప్రదర్శనశాలను చూచుటకై మేము పోయితిమి.

లోలకముగల గడియారమును కదల్చినచో నిలిచిపోవును. గుఱ్ఱపుబండ్లలో దూరము పోవువారి కది పనికిరాదు. కావున పారిసునందు బ్రెగే యను ప్రసిద్ధశిల్పి, లోలకమునకు మాఱుగా సన్నని తీగచుట్టతో నిటునటు తిరుగు చిన్న చక్రము నమర్చి ప్రయాణపు గడియారములు చేసెను. 1798లో ఈజిప్టు దండయాత్రకు ముందు బోనపార్టు సేనాని యట్టిదానిని కొనెను. 1830 ప్రాంతమున పాల్ గార్నియే వీనిని సులభపద్ధతిని విరివిగా చేయసాగెను.

సోదరీమణులారా, వీని యందము చెప్పదగినది. జేనెడు మించని యిత్తడి చట్రము, పైని పిడి, చుట్టును అద్దములు. కొన్నింటికి అద్దములకు బదులు పింగాణి పలకలు. వానిపై పూలగుత్తులు, ఉద్యానములు, వలపు ముచ్చటల జంటలు. లోహభస్మముల రంగులను పలకపై పూసి కొలిమిలో కాల్తురు. రంగు రంగునకు వేడి వేరగుటచే మరల మరల కాల్పవలెను. వేడి మించినచో పడిన శ్రమ యంతయు వ్యర్థము. కుదిరినచో నూఱేండ్లకును వన్నె తఱుగదు. ఎనిమిది దినముల కొకమారు తాళపుచెవి త్రిప్పిన చాలును. కొన్నింటి మీట నొక్కినచో కడపటి గంటను మరల కొట్టును. నడిరేయి దీపము వెలిగింపకయే వేళ తెలియును. పసిబిడ్డల తల్లుల కది యెంత యుపకారము!

ఈ యూర గడియారముల పని 18వ శతాబ్దినాటిది. అది క్షీణింపగా 1807లో ఓనొరే పోన్స్ వచ్చి క్రొత్త యంత్రములతో దానిని నిలబెట్టెను. ఇచ్చట సిద్ధమైన పండ్లచక్రములు పారిసు చేరి, మెఱుగు దిద్దుకొని, తఱచుగా అంగడివారి పేరుతో అమ్ముడు పోయెడివి. పలకపై పేరు పట్టణపు వర్తకునిది. లోపల తిరుగు చక్రము పల్లెవానిది. వాని పేరు మాత్ర మెచ్చటను లేదు.

ఇల్లాలి పనియు నిట్టిదే కదా! వేళకు నడచు సంసారమును లోకము మెచ్చును. నడపు చేతి నడుగదు. ఆ యూరు తనవారి నేర్పును తానే యొక శాలలో నిలిపి గౌరవించుకొన్నది. మన తల్లుల నేర్పును మనమును పేరుపెట్టి బిడ్డలకు చెప్పవలదా?